యోసెమిటీ రద్దీకి రిజర్వేషన్ ఒక్కటే చాలదు, లోయలోకి సొంత కార్లు రాకుండా ఆపాల్సిందే

సమ్మర్‌లో అమ్మానాన్నలు వస్తున్నారు, కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కుకి తీసుకెళ్దామంటే అందరూ ట్రాఫిక్ అని భయపెడుతున్నారు, లోపలికి వెళ్లడానికి ముందే రిజర్వేషన్ తీసుకోవాలని పెడితే నిజంగా రద్దీ తగ్గుతుందా అని మీరు అడిగారు. తగ్గుతుందండీ, కొంతవరకు. కానీ అక్కడ ఎక్కువైంది మనుషులు కాదు, కార్లు. ఈ మాట నేను ఎవరితోనైనా గట్టిగా వాదిస్తాను.

పార్కు మొత్తం దాదాపు 1,190 చదరపు మైళ్లు. ఏడాదికి 40 లక్షల మంది అటూ ఇటూగా వస్తారు, 2016లో అయితే 50 లక్షలు దాటారు. ఇంత మందిలో ఎక్కువ భాగం వెళ్లేది 7 మైళ్ల పొడవు, మైలు వెడల్పు ఉన్న ఒక్క లోయలోకే. ఎల్ కాపిటన్ కొండ, జలపాతాలు, హాఫ్ డోమ్ కొండ వ్యూ అన్నీ అక్కడే ఉన్నాయి మరి, ఎవరిని తప్పు పడతాం.

2023 జూన్‌లో ఒక శనివారం మా అమ్మానాన్నలని తీసుకెళ్లాను. ఆ ఏడాది మంచు విపరీతంగా పడింది కాబట్టి జలపాతాలు మామూలుగా లేవు, కానీ అదే మంచు వల్ల టియోగా రోడ్డు జులై 22 దాకా తెరవలేదు, గ్లేసియర్ పాయింట్ రోడ్డు కూడా మూసే ఉంది, అంటే వేరే చోట్లకి సర్దుకోవాల్సిన జనం కూడా లోయలోకే దిగారు. పైగా ఆ సంవత్సరం రిజర్వేషన్ లేదు. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా నుంచి చీకట్లోనే బయల్దేరినా పార్కు బిగ్ ఓక్ ఫ్లాట్ గేటు దగ్గర గంటకి పైనే ఆగాం. సరే, లోపలికెళ్తే అయిపోతుంది అనుకుంటారు ఎవరైనా. అసలు కథ లోపలే.

లోయలో రోడ్లు చాలావరకు వన్‌వే. సౌత్‌సైడ్ డ్రైవ్ మీద లోపలికి వెళ్లాలి, నార్త్‌సైడ్ డ్రైవ్ మీద బయటికి రావాలి. పార్కింగ్ నిండిపోతే చెయ్యి ఊపి ముందుకి పంపించేస్తారు, ఇంక మీకు వెనక్కి దారి లేదు, మళ్లీ ఎల్ కాపిటన్ దగ్గర దాకా వచ్చి అటు తిరిగి మొదట్నుంచీ క్యూ. మేం అలా తిరుగుతూనే ఉన్నాం. నాన్నకి షుగర్, టాబ్లెట్ వేసుకున్నారు, తినే టైం దాటిపోతోంది, అమ్మకి మోకాళ్లు పట్టేశాయి, బాత్రూంకి దిగుదామంటే కారు ఆపే చోటు లేదు. యోసెమిటీ ఫాల్స్ చప్పుడు అద్దాలు వేసున్నా వినపడుతోంది. అమ్మ అద్దంలోంచే చూసి "అదే కదరా, చూసేశాం, ఇంక ఇంటికి పోదాం పద" అంది. అంత దూరం నుంచి వచ్చిన మనిషి ఆ మాట అంటే నాకు ఎంత బాధేసిందో చెప్పలేను. నాన్న మాత్రం "కొండ మీద వెంకన్న దర్శనానికే టైం స్లాట్ ఇస్తున్నారు, వీళ్లు ఇవ్వలేరా?" అన్నారు.

ఆ రోజు ఇంకోటి గమనించాను, అసలు పాయింట్ ఇదే. సెంటినెల్ బ్రిడ్జి దగ్గర మా వెనకాలే పార్కు ఉచిత షటిల్ బస్సు కూడా ఇరుక్కుని ఉంది. అరవై మంది పట్టే బస్సు కూడా ఇద్దరున్న కారు వెనక నిలబడాల్సి వస్తే బస్సు ఎవరెక్కుతారు? ఎవరూ ఎక్కరు కాబట్టి అందరూ కార్లలో వస్తారు, కార్లు వస్తాయి కాబట్టి బస్సు కదలదు.

2024లో మళ్లీ రిజర్వేషన్ పెట్టారు, రద్దీ రోజుల్లో ఉదయం 5 నుంచి సాయంత్రం 4 మధ్య లోపలికి వెళ్లాలంటే రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ బుకింగ్ సైట్‌లో 2 డాలర్లు కట్టి ముందే తీసుకోవాల్సి వచ్చేది. అది ఉన్న శనివారం కూడా వెళ్లాను, గేటు దగ్గర హాయిగా ఉంది. కానీ లోయలో మధ్యాహ్నానికి పార్కింగ్ కోసం మళ్లీ అదే తిరుగుడు. పైగా ఇది ఒక ఏడాది ఉంటుంది, ఒక ఏడాది ఉండదు, రూల్ ప్రతిసారీ మారితే జనం దేన్ని బట్టి ప్లాన్ చేసుకుంటారు? హాఫ్ డోమ్ కొండ పైకి పట్టుకుని ఎక్కే కేబుల్స్‌కి 2010లో పర్మిట్ మొదలైంది, ఇప్పుడు రోజుకి దాదాపు 300 మంది అంతే, ఏళ్లుగా అదే పద్ధతి, జనం అలవాటు పడిపోయారు.

యూటాలోని జయాన్ నేషనల్ పార్కుకి వెళ్లినవాళ్లకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. అక్కడ 2000 సంవత్సరం నుంచి సీజన్‌లో కాన్యన్ లోపలి రోడ్డు మీదకి సొంత కార్లు రానివ్వరు, ఉచిత షటిల్ ఎక్కాల్సిందే. లోపల లాడ్జిలో రూమ్ ఉన్నవాళ్లకి మాత్రం కారుకి పర్మిట్ ఇస్తారు. మేం పార్కు బయట ఊరు స్ప్రింగ్‌డేల్‌లో కారు పెట్టేసి వెళ్లాం. పొద్దున మొదటి బస్సుకి లైన్ ఉంది, నిజమే, కానీ ఎక్కాక ఎక్కడ కావాలంటే అక్కడ దిగడం, వెనకాల ఇంకో బస్సు. రోడ్డు మీద హారన్ లేదు, నది చప్పుడు వినపడుతోంది, మా పిల్లలు రోడ్డు పక్కన టర్కీ కోళ్ల వెనక నడిచారు. యోసెమిటీలో పిల్లల్ని అలా వదలగలమా?

పెద్దవాళ్లు, స్ట్రోలర్లు, కూలర్లు ఉంటే బస్సు ఎలా అంటారు. డిసేబిలిటీ ప్లకార్డ్ ఉన్నవాళ్లని, లోపల రూమ్ ఉన్నవాళ్లని కార్లలో రానివ్వండి, ఎవరొద్దన్నారు. మా అమ్మకి బస్సులో కూర్చోవడం కష్టం కాదు, కదలని కారులో కూర్చోవడమే కష్టమైంది. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 1907లో యోసెమిటీలో కార్లు నిషేధించి 1913లో మళ్లీ రానిచ్చారు, 1980 నాటి పార్కు ప్లాన్‌లోనే చివరికి లోయలోంచి ప్రైవేటు కార్లు పూర్తిగా తీసెయ్యాలని రాసుకున్నారు. రాసుకుని ఇన్నేళ్లయింది.

ఇంకోటి, ఎలుగుబంటి కనపడగానే నడిరోడ్డు మీద కారు ఆపి దిగి ఫోటోలు తీసేవాళ్లు, పార్కింగ్ దొరకలేదని గడ్డి మైదానం అంచు మీదకి టైర్లు ఎక్కించేవాళ్లు, దయచేసి మానండి. ఆ గడ్డి మళ్లీ మొలవడానికి ఎన్నేళ్లు పడుతుందో. కార్లు ఎలుగుబంట్లని గుద్దిన చోట్ల ఎర్ర ఎలుగుబంటి బొమ్మ ఉన్న బోర్డులు పెడతారు, అవి చూసైనా స్పీడ్ తగ్గించరు. వాట్సాప్‌లో అందరూ ఇచ్చే "ఆరు లోపల చేరిపోండి" సలహా కూడా నాకు నచ్చదు, అందరూ ఆరింటికే చేరితే అప్పుడు ఐదింటికి వెళ్లాలా?

మీ సంగతికొస్తే, మంగళవారమో బుధవారమో వెళ్లండి, వీకెండ్ వద్దు. బయల్దేరే ముందు ఆ ఏడాది రిజర్వేషన్ ఉందో లేదో పార్కు సైట్‌లోనే చూడండి. వీలైతే మెర్సెడ్‌లోనో మరిపోసాలోనో రాత్రి ఉండి, పొద్దున 140 హైవే మీద పార్కులోకి వెళ్లే యార్ట్స్ అనే పబ్లిక్ బస్సు ఎక్కండి, టికెట్‌లో పార్కు ఎంట్రీ కూడా కలిసి ఉందో లేదో కొనేటప్పుడు చూసుకోండి. పెద్దవాళ్లకి కిటికీ పక్క సీటు ఇవ్వండి, మరిపోసా దాటాక ఆ దారి చాలావరకు మెర్సెడ్ నది పక్కనే వెళ్తుంది, మీరూ స్టీరింగ్ పట్టుకోకుండా చూడొచ్చు.