బిళ్ళ గన్నేరుకు ఎండ గండం కాదు, నీళ్ళే గండం

చిరంజీవి మనవరాలికి, అవ్వ ఆశీస్సులు.

తిరుపతి ఎండకు ఆగి, ఏడాది పొడుగునా పూసే చెట్టు కావాలంటివి కదా. బిళ్ళ గన్నేరు పెట్టుకో తల్లీ. దాని పుట్టిల్లు మడగాస్కర్ అయినా, మన ఎర్ర గరుసు నేలలో బాగా కుదురుకుంటుంది. చేదు చెట్టు కాబట్టి మేకలు, ఆవులు ముట్టవు. నర్సరీల్లో దొరికే రంగురంగుల హైబ్రిడ్‌ల కంటే నాటు గులాబీరంగుది, తెల్లది మొండివి. మొదట వాటితోనే మొదలుపెట్టు.

గింజలు జూన్, జూలైలో చల్లు. మట్టి పావు అంగుళం కప్పి, తడిపి, మొలకలు వచ్చేదాకా పైన గోనెపట్టా వెయ్యి. ఈ గింజకు చీకటి ఉంటేనే మొలక బాగా వస్తుంది. పది రోజులకు అటూ ఇటూగా మొలుస్తాయి, అప్పుడు వెంటనే పట్టా తీసెయ్. మూడు జతల ఆకులు రాగానే అడుగు ఎడంలో నాటు. నాలుగైదు అంగుళాలు ఎదిగాక కొన గిల్లితే పక్క కొమ్మలు వచ్చి గుబురుగా అవుతుంది. రోజుకు ఆరు గంటలన్నా ఎండ తగలాల, నీడన పెడితే ఆకే తప్ప పువ్వు ఉండదు.

మిద్దె మీద కుండీలో అయితే పది అంగుళాలది చాలు. ఎర్రమట్టి రెండు పాళ్ళు, గరుకు ఇసుక ఒక పాలు, బాగా మాగిన పేడ ఎరువు ఒక పాలు కలుపు. అడుగున బొక్క తప్పనిసరి. యూరియా మాత్రం వద్దు, ఆకులు ఏపుగా పెరిగి పూలు తగ్గుతాయి.

ఇప్పుడు అసలు సంగతి. మన పక్క ఈ చెట్టు మే నెలలో కంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య వానల్లోనే ఎక్కువ చస్తుంది. నీళ్ళు నిలిస్తే కుళ్ళు తెగులు పట్టి, కొమ్మ మొదట్లో నల్లబడి, చెట్టు ఉన్నపళాన వాలిపోతుంది. వాలింది కదా అని ఇంకా నీళ్ళు పోస్తారు చూడు, అక్కడే పోతుంది. ముందు వేలు రెండు అంగుళాలు మట్టిలో గుచ్చి చూడు. తడి ఉంటే పోయొద్దు. మధ్యాహ్నం ఆకులు ముడుచుకున్నా సాయంత్రానికి లేస్తే దానికి దాహం లేనట్టే. నేలలో వేరూనిన చెట్టుకు ఎండాకాలంలో వారానికి ఒకటి రెండు సార్లు నిండుగా పోస్తే చాలు. కుండీ చెట్టుకైతే మండే ఎండల్లో దాదాపు రోజూ కావాల. ఎప్పుడైనా నీళ్ళు చెట్టు మొదట్లోనే పొయ్, ఆకుల మీద చల్లొద్దు. వానలకు ముందే నేలను జానెడు ఎత్తు చేసి, కుండీలను చూరు కిందికి జరుపు.

పూలు పచ్చగా ఆకుల్లాగా మారితే అది ఆకుల రసం పీల్చే దీపపు పురుగులు మోసుకొచ్చే రోగం, మందు లేదు. చెట్టును వేళ్ళతో సహా పీకి పారెయ్. తెల్ల పిండినల్లి పడితే లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం కొట్టు.

ఇంకొక మాట, గట్టిగా చెబుతున్నా. షుగరుకు మంచిదని ఎవరో చెప్పారని ఈ ఆకు నమలొద్దు, ఎవరినీ నమలనియ్యొద్దు. దీంట్లోంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందులు తీస్తారు. ఆకు విషం. చంటిపిల్ల చేతికి అందకుండా చూడు.

జనవరిలో చెట్టును మూడో వంతు కత్తిరించు. కాయలు పసుపు తిరగ్గానే కోసి కాగితం సంచిలో వెయ్యి, పగిలే దాకా ఆగితే గింజలు నేలపాలవుతాయి.

ఇట్లు,
అవ్వ