ఇప్పటి వస్తువులన్నీ నాసిరకమేనా?

పాత ఫ్యాన్ ముప్పై ఏళ్లుగా తిరుగుతోంది, కొత్తది మూడేళ్లకే ఆగిపోయింది, ఇప్పుడన్నీ ఇంతేనా అని అడిగారు. కొంత నిజమే. అయితే అప్పట్లో త్వరగా పాడైనవన్నీ ఏనాడో పాత సామాన్లవాడికి వెళ్లిపోయాయి. మిగిలిన గట్టివే మన కళ్లముందున్నాయి.

పాత ఫ్యాన్‌లో రాగి తీగ చుట్టిన మోటారు, ఒక కెపాసిటర్, అంతే. స్లో అయితే కెపాసిటర్ మారిస్తే సరి. కాయిల్ కాలితే ఇక్కడ చెన్నైలో వైండింగ్ షాపువాళ్లు మళ్లీ చుట్టి ఇస్తారు. కాకపోతే అది సుమారు 75 వాట్లు తింటుంది. కొత్త బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్‌కు 30 వాట్ల చుట్టుపక్కల చాలు, అది చిన్న మెరుగుదల కాదు. కానీ దాని లోపల సర్క్యూట్ బోర్డు ఉంటుంది. మోటారు నిక్షేపంగా ఉన్నా, ఆ మోడల్ బోర్డు దొరక్కపోతే ఫ్యాన్ మొత్తం మార్చాల్సిందే. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

కావాలని ఆయుష్షు తగ్గించడమూ జరిగింది. 1924లో పెద్ద బల్బు కంపెనీలు జెనీవాలో కూటమి కట్టి బల్బు జీవితాన్ని 1000 గంటలకు కుదించాయి. అయినా ఎక్కువసార్లు అసలు కారణం ధరే. చవగ్గా అమ్మాలంటే రాగి బదులు అల్యూమినియం వైండింగ్ వేస్తారు. కొనేముందు వైండింగ్ దేనిదో, బోర్డు విడిగా అమ్ముతారో లేదో షాపులో గట్టిగా అడగండి.