ఆటగాళ్లు ఎదురొచ్చిన ప్రతిదాన్నీ చంపేస్తున్నారు, ఎక్స్‌పీ పద్ధతి మారిస్తే ఆగుతారా?

మీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డైస్ వేస్తూ పాత్రలుగా ఆడే కథల ఆట) బృందానికి మాట్లాడి పని జరుపుకోవడం తట్టడమే లేదని, ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు, ఇవి పోగయితే పాత్ర పై లెవెల్‌కు వెళ్తుంది) ఇచ్చే తీరు మారిస్తే తేడా వస్తుందా అని అడిగారు. వస్తుంది. డీఎంగా, అంటే కథ నడిపి రాక్షసుల తరఫున ఆడేవాడిగా, చాలాకాలం ఇదే సమస్యతో వేగాను కాబట్టి గట్టిగా చెబుతున్నా.

ఒక సెషన్ ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. కాపలా గోబ్లిన్ (చిన్నపాటి రాక్షసి) ఒకటి కత్తి పడేసి, మోకాళ్ల మీద కూలబడి ప్రాణభిక్ష అడిగింది. దాని మాటతీరును ఇంట్లో ప్రాక్టీస్ చేసుకుని మరీ వెళ్లాను. మా బృందంలో పాలడిన్ (ధర్మ యోధుడి పాత్ర) ఆడేవాడు క్యారెక్టర్ షీట్ వంక చూసి, పెన్సిల్‌తో ఏదో కూడుకుని, "దీన్ని వదిలేస్తే ఎక్స్‌పీ వస్తుందా?" అన్నాడు. నేను ఒక్క క్షణం తటపటాయించాను. రాదని అర్థం చేసుకుని చంపేశారు.

నిజానికి వాళ్లలో క్రూరత్వం ఏమీ లేదు, లెక్క చూసుకున్నారంతే. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో గోబ్లిన్‌కు 50 ఎక్స్‌పీ, రెండో లెవెల్‌కు మనిషికి 300. అంటే నలుగురూ రెండో లెవెల్ చేరాలంటే కలిపి 24 గోబ్లిన్లు కావాలి. కానీ అవే రూల్స్‌లో తరిమేసినా, బందీగా పట్టుకున్నా ఓడించినట్టే, ఎక్స్‌పీ అంతే వస్తుంది. ఆ సంగతి నేను టేబుల్ దగ్గర ఒక్కసారి కూడా పైకి చెప్పలేదు. తప్పు నాదే.

తర్వాత బాగా నటించినవాళ్లకు బోనస్ ఎక్స్‌పీ పెట్టాను. మీరూ అదే అనుకుంటున్నట్టు రాశారు, దయచేసి వద్దు. గలగలా మాట్లాడేవాళ్లకే ప్రతిసారీ దక్కింది. మా బృందంలో నెమ్మదస్తురాలు ఒకామె ఉండేది. ఒకరోజు తను చిన్న కాగితం మీద డైలాగులు రాసుకొచ్చింది. వంతు వచ్చేసరికి ఆ కాగితాన్ని మడిచి డైస్ సంచిలో పెట్టేసుకుంది. అది చూశాక నాకు మనసొప్పలేదు, ఆ పద్ధతి ఆ రోజే ఆపేశాను. అప్పటినుంచి మా దగ్గర ఏ ఎక్స్‌పీ అయినా అందరికీ సమానమే.

అసలు మార్పు పాత రూల్స్ ఆడినప్పుడు చూశాను. 1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ రూల్స్‌లో గోబ్లిన్‌ను చంపితే వచ్చేది 5 ఎక్స్‌పీ. బయటికి తెచ్చిన నిధికి మాత్రం ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో ఎక్స్‌పీ. ఫైటర్ (యోధుడి పాత్ర)కు రెండో లెవెల్ రావాలంటే 2,000 కావాలి. అదే పాలడిన్ మిత్రుడు రెండో సెషన్‌కల్లా గోబ్లిన్లకు లంచం ఇచ్చి దారి అడుగుతున్నాడు! మ్యాపులు గీశారు, కాపలా ఎప్పుడు మారుతుందో గమనించారు, కత్తి దూయాల్సి వస్తే ముందు వెనక్కి వెళ్లే దారి చూసుకున్నారు. మనుషులు వాళ్లే, మారింది ఎక్స్‌పీ లెక్క ఒక్కటే.

డంజన్ వరల్డ్ అనే మరో ఇలాంటి ఆటలో ఇంకో అందమైన ఏర్పాటు ఉంది. రెండు డైస్ వేసి, మాడిఫయర్ (పాత్ర సామర్థ్యాన్ని బట్టి వచ్చే అంకె) కలిపాక 6 లేదా అంతకన్నా తక్కువ వస్తే పని చెడుతుంది కానీ ఒక ఎక్స్‌పీ వస్తుంది. ఓడిపోతామన్న టెన్షన్‌తో డైస్ ముట్టనివాళ్లు కూడా దీంతో ముందుకు రావడం చూశాను.

మైల్‌స్టోన్ పద్ధతి, అంటే ఎక్స్‌పీ లెక్క లేకుండా కథలో ముఖ్య ఘట్టాలు దాటితే లెవెల్ ఇవ్వడం, కూడా వాడాను. చంపడం తగ్గింది, కానీ "ఇది మెయిన్ కథేనా?" అని అడిగి, కాదంటే పక్క దారులన్నీ వదిలేశారు.

మీరైతే రూల్స్ మార్చకుండానే మొదలుపెట్టండి. వచ్చే సెషన్‌లో డైస్ బయటికి తీయకముందే, "చంపినా, తరిమినా, ఒప్పించి పంపినా 50కి 50 వస్తాయి" అని స్పష్టంగా చెప్పండి. గోబ్లిన్ లొంగిపోయినప్పుడు ఆ అంకె మళ్లీ గుర్తుచేయండి. రెండు మూడు సెషన్లయినా మార్పు లేకపోతే బంగారం పద్ధతికి వెళ్లండి. కాకపోతే ఐదో ఎడిషన్‌లో మొదటి లెవెళ్లకు ఎక్స్‌పీ చాలా తక్కువ కావాలి కాబట్టి నిధులు బాగా తగ్గించాలి. మీవాళ్లు ఎంతమందో, ఏ లెవెల్‌లో ఉన్నారో చెబితే ఎంత పెట్టాలో లెక్కవేసి ఇస్తాను.