సంతకం పెట్టకపోతే వైద్యం ఆపేస్తారా?

ప్రశ్న: మాది కవిటి మండలంలో ఒక పల్లె. మా నాన్నకు 52 ఏళ్లు. కొబ్బరి తోటల్లో కూలి పని చేస్తారు. షుగర్ లేదు, బీపీ లేదు. నెల కిందట పీహెచ్‌సీలో రక్తపరీక్ష చేస్తే, కిడ్నీ సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.6 వచ్చింది. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వెళ్లమని రాశారు. అక్కడ చూసిన డాక్టరమ్మ మందులు రాసి, 'కిడ్నీ జబ్బు మీద స్టడీ చేస్తున్నాం, చేరతారా' అని అడిగి ఒక ఫారం ఇచ్చారు. రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి రక్తం, మూత్రం ఇవ్వాలట. కొత్త మందులేవీ ఇవ్వరట. నాన్న మాత్రం 'నా మీద ప్రయోగాలు సేత్తారేటి' అని భయపడుతున్నారు. సంతకం పెట్టకపోతే సరిగా చూడరని, రేపు కిడ్నీ పెన్షన్ కూడా రాదని పక్కింటివాళ్లు అంటున్నారు. అన్నిసార్లు రక్తం తీస్తే నీరసించిపోతారని అమ్మకు టెన్షన్. కొన్నేళ్ల కిందట ఎవరో మా ఊరొచ్చి రక్తం తీసుకెళ్లారు, రిపోర్టు ఇప్పటికీ రాలేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కవిటి మండలం

జవాబు: సంతకం పెట్టకపోయినా మీ నాన్నగారి వైద్యం ఆగదమ్మా, ఆపకూడదు కూడా. ఓపీలో చూపించుకోవడం, పరీక్షలు, మందులు ఆయన హక్కు. స్టడీలో చేరడం ఆయన ఇష్టం. చేరనన్న కారణంతో వైద్యంలో తేడా చూపకూడదని భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. చేరిన తర్వాత మధ్యలో మానేయాలనిపించినా మానేయొచ్చు, కారణం చెప్పాల్సిన పని లేదు. పెన్షన్ సంగతి కూడా అంతే. అది జబ్బు ఏ దశలో ఉందన్నదాన్ని బట్టి వచ్చేది. స్టడీ ఫారానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. పక్కింటివాళ్లు మీ మేలు కోరే చెప్పి ఉంటారు గానీ ఈ రెండు మాటలూ నిజం కావు.

నా సలహా అడిగారు కాబట్టి చెబుతున్నాను. మీరు రాసిన వివరాలను బట్టి నేను చేరమనే అంటాను. అయితే ఫారం మొత్తం తెలుగులో చదివి వినిపించాలి, ప్రతిసారీ రిపోర్టు మీ చేతికి ఇస్తామని వాళ్లు ఒప్పుకోవాలి. ఈ రెండూ జరిగాకే సంతకం.

ఆసుపత్రిలో జరిగే స్టడీలన్నీ ఒక రకం కావు. కొన్నింటిలో కొత్త మందు ఇచ్చి చూస్తారు. కొందరికి ఆ మందు, మిగతావారికి పాత మందో, మందు లేని ఉత్తుత్తి మాత్రో ఇస్తారు. ఎవరికి ఏది వెళ్లాలో లాటరీ తీసినట్టు తేలుస్తారు. వీటిని క్లినికల్ ట్రయల్స్ అంటాం. ఇంకో రకం స్టడీలో వైద్యం ఏమీ మారదు. జబ్బు ఎవరికి వస్తోంది, ఎవరిలో త్వరగా ముదురుతోంది, ఎవరిలో అక్కడే ఆగిపోతోంది అని ఏళ్ల తరబడి గమనిస్తారు. మీ నాన్నగారిని అడిగింది ఈ రెండో రకానికే. ఆయన ఒంట్లోకి కొత్తగా వెళ్లేది ఏదీ లేదు.

ఒకవేళ ఇది మందు ట్రయల్ అయి ఉంటే ఇంత తొందరగా చేరమనేవాడిని కాదు. దానికి సీటీఆర్‌ఐ నంబరు ఉందా అని ముందు అడగమనేవాడిని. అది దేశంలో జరిగే ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ, ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. 2018 ఏప్రిల్ నుంచి మొదటి పేషెంటును చేర్చుకోకముందే అక్కడ నమోదు చేయాలన్న నియమం ఉంది. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ బాధ్యత ఎవరిదో ఫారంలో రాసి ఉండాలి.

మీ నాన్నగారి భయం ఊరికే పుట్టింది కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే ప్రాజెక్టు ఒకటి నడిచింది. హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లల విషయంలో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు చాలా ఫారాల మీద సంతకాలు చేసేశారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును ఆపేశారు. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. టీకా కూడా మంచిదే, ఇప్పుడు ఎన్నో దేశాల్లో వేస్తున్నారు, మీ ఇంట్లో ఆడపిల్లలుంటే డాక్టరును అడిగి వేయించండి. కానీ అడగాల్సినవాళ్లను అడగకుండా సంతకాలు తీసుకోవడాన్ని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుపట్టింది. ఆ తర్వాత నియమాలు చాలా బిగిశాయి. ఇప్పుడు ఏ స్టడీ మొదలుపెట్టాలన్నా ఎథిక్స్ కమిటీ, అంటే స్టడీలో చేరేవారికి అన్యాయం జరగకుండా చూసే సంఘం, అనుమతి ఉండాలి. అందులో డాక్టర్లతో పాటు చట్టం తెలిసినవారు, ఒక మహిళ, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి కూడా ఉండాలి. అధ్యక్షులు ఆ ఆసుపత్రికి బయటివారై ఉండాలి.

మరి చేరమని ఎందుకంటున్నాను? మీది కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం కాబట్టి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో నేను మీకు చెప్పాల్సిన పని లేదు. 2019లో, 2020లో ప్రచురించిన సర్వేల్లో పెద్దవాళ్లలో ఇంచుమించు ప్రతి ఐదుగురిలో ఒకరికి కిడ్నీ దెబ్బతిన్న ఆనవాళ్లు కనిపించాయి. వారిలో చాలామందికి మీ నాన్నగారిలాగే షుగర్ లేదు, బీపీ లేదు. ఎండలో సరిగా నీళ్లు తాగకుండా పనిచేయడమా, భూగర్భ జలమా, పురుగుమందులా, వంశంలో ఉన్నదా, ఇవన్నీ కలిసా? ఏ ఒక్కటీ ఇంకా రుజువు కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల కూలీలకు ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడా పూర్తి జవాబు దొరకలేదు.

ఈ జవాబు పెద్ద నగరాల ఆసుపత్రుల్లో దొరకదు. అక్కడికి వెళ్లేసరికి చాలామందికి డయాలసిస్ దశ వచ్చేసి ఉంటుంది. అప్పుడు కిడ్నీని చూసినా జబ్బు ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. జబ్బు ఇంకా ముదరని మనిషి కనిపించేది ఊళ్లోని పీహెచ్‌సీలో, ఆ తర్వాత జిల్లాలోని బోధనాసుపత్రి ఓపీలో. క్రియాటినిన్ 1.6 దగ్గర ఉన్న మీ నాన్నగారిలాంటి వాళ్లను రెండేళ్లు వరుసగా చూస్తేనే ఎవరిలో ముదురుతోంది, ఎందుకు ముదురుతోంది అన్నది తెలుస్తుంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు ఉద్దానానికి తెచ్చే పథకం వచ్చింది. ఆ నీళ్లు తాగడం మొదలుపెట్టాక కొత్త కేసులు తగ్గాయా లేదా? అది చెప్పగలిగేది కూడా ఇలా ఏళ్ల తరబడి కొలిచి రాసిపెట్టిన లెక్కలే.

ఇంకో చిన్న సంగతి. క్రియాటినిన్, వయసు బట్టి కిడ్నీ పనితీరును లెక్కగట్టే ఫార్ములా ఒకటి ఉంది. దాని ప్రకారం మీ నాన్నగారిది సుమారు 50. మూడు నెలలు దాటినా 60 కన్నా తక్కువే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటాం. ఈ ఫార్ములా విదేశాల్లో అక్కడి మనుషులను పరీక్షించి తయారుచేసింది. కండ తక్కువగా, సన్నగా ఉండే మన కూలీలలో అది కిడ్నీ ఉన్నదానికన్నా బాగున్నట్టు చూపించే అవకాశం ఉంది. మన మనుషులకు సరిపోయే లెక్క కావాలంటే మన మనుషులనే కొలవాలి కదా.

పేదవాళ్లు నమ్మి చేరిన స్టడీ వైద్యాన్నే మార్చేసిన చరిత్ర మన పక్కనే ఉంది. ఒకప్పుడు టీబీ వస్తే నెలల తరబడి శానిటోరియంలో, అంటే టీబీ వాళ్ల కోసం ఉండే ప్రత్యేక ఆసుపత్రిలో, ఉండాలనేవారు. 1956లో మద్రాసులో ఒక స్టడీ మొదలుపెట్టారు. 200లోపు పేషెంట్లను రెండు భాగాలు చేసి, కొందరిని శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతితో ఉంచారు, మిగతావారికి ఇరుకు ఇళ్లలోనే మందులిచ్చారు. ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ జబ్బు దాదాపు ఒకేలా తగ్గింది. ఇంట్లోవాళ్లకు అంటుకోవడంలో కూడా తేడా రాలేదు. 1959లో ఈ ఫలితం అచ్చయ్యాక ప్రపంచమంతా ఇంటి దగ్గరే టీబీ మందులిచ్చే దారి పట్టింది. ఈ రోజు మీ ఊరి టీబీ పేషెంటు పని మానుకోకుండా మాత్రలు వేసుకుంటున్నాడంటే ఆ మద్రాసు పేదలే కారణం.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ స్టడీ వల్ల మీ నాన్నగారి కిడ్నీ బాగైపోదు. స్టడీ అంటే ప్రత్యేక వైద్యం అనుకుని చాలామంది చేరతారు, తర్వాత నిరాశపడతారు. ఆయనకు నేరుగా దక్కేది ఆరు నెలలకోసారి ఖర్చు లేకుండా పరీక్ష, జబ్బు ముదిరితే ముందే తెలియడం. అదీ రిపోర్టు చేతికి ఇస్తేనే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ మాటే. రక్తం తీసుకెళ్లి రిపోర్టు ఇవ్వకపోవడం తప్పు. ఊళ్లో ఒక మనిషికి క్రియాటినిన్ పెరిగిందని కాగితం మీద తెలిసి, ఆ మనిషికి మాత్రం తెలియకపోతే ఆ పరిశోధన ఎవరి కోసం? నా దగ్గర పనిచేసే పీజీలకు నేను మొదట చెప్పేది ఇదే: నమూనా తీసుకున్న ప్రతి మనిషికీ రిపోర్టు తెలుగులో అర్థమయ్యేలా చెప్పండి, తేడా ఉంటే మీరే ఫోన్ చేసి పిలిపించండి. మీరు కూడా సంతకానికి ముందే 'రిపోర్టు ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఎవరిస్తారు' అని అడగండి. ఆ జవాబును ఫారం మీద రాయించుకోండి. మొహమాటం అక్కర్లేదు.

ఫారం అక్కడికక్కడే ఇచ్చేయాలన్న రూలేమీ లేదు. ఇంటికి తెచ్చుకోండి, నలుగురూ కూర్చుని చదవండి. నాన్నగారికి చదవడం రాకపోతే, స్టడీతో సంబంధం లేని ఒక సాక్షి ముందు అంతా చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలి. ఆయన బదులు మీరు సంతకం చేయకండి, నిర్ణయం ఆయనదే. ఒక కాపీ మీ దగ్గర ఉండాలి. మిగిలిన రక్తాన్ని దాచిపెట్టి తర్వాత వేరే పరీక్షలకు, జన్యు పరీక్షలకు వాడతారా అన్నది విడిగా అడగాలి. దానికి ఒప్పుకోకుండా కూడా మిగతా స్టడీలో చేరే వీలుందేమో కనుక్కోండి. స్టడీ కోసం చేసే పరీక్షలకు మీరు డబ్బు కట్టకూడదు. కవిటి నుంచి శ్రీకాకుళం రావడానికి బస్సు చార్జీలు, పోయిన కూలి సంగతి కూడా అడగండి, ఇవ్వడం తప్పేమీ కాదు.

ఆ డాక్టరమ్మ పీజీ చదువుతూ ఉండొచ్చు. పీజీలందరూ థీసిస్ రాయాలి, మీరు చేరేది అలాంటి స్టడీ అయినా అందులో తప్పు లేదు. కాకపోతే చదువు మూడేళ్లే. ఆమె వెళ్లిపోతే స్టడీ ఎవరు చూస్తారో తెలియాలి కాబట్టి గైడ్‌గా ఉన్న ప్రొఫెసర్ పేరు, ఫోన్ నంబరు ఫారంలో ఉన్నాయో లేదో చూడండి. ఎథిక్స్ కమిటీ సభ్య కార్యదర్శి నంబరు కూడా ఉండాలి. ఎవరైనా ఒత్తిడి చేసినా, రిపోర్టు ఇవ్వకపోయినా ఫిర్యాదు చేయాల్సింది అక్కడే. నాన్నగారు ఏటా కొన్ని నెలలు పనికి వేరే ఊరు వలస వెళ్లే మనిషైతే ఆ సంగతి ముందే చెప్పండి. వలస వెళ్లినవాళ్లు లెక్కలోంచి జారిపోతే ఊళ్లో మిగిలినవాళ్ల లెక్కే జిల్లా లెక్క అయిపోతుంది, అది తప్పుదారి పట్టిస్తుంది.

రక్తం గురించి అమ్మగారికి ధైర్యం చెప్పండి. ఇలాంటి పరీక్షలకు మామూలుగా తీసేది 5 నుంచి 10 మిల్లీలీటర్లు, అంటే ఒకటి రెండు టీస్పూన్లు. రక్తదానంలో ఒకేసారి 350 మిల్లీలీటర్లు ఇస్తారు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే రక్తం సుమారు 5 లీటర్లు. ఆరు నెలలకోసారి రెండు టీస్పూన్లు తీస్తే నీరసం రాదు.

ఇక అసలు వైద్యం. స్టడీలో చేరినా చేరకపోయినా ఇవి చేయాలి. ఒక్క పరీక్షతో కిడ్నీ జబ్బు అని ముద్ర వేయలేం. మూడు నెలలకు క్రియాటినిన్ మళ్లీ చేయించండి, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్ష, ఒకసారి కిడ్నీల అల్ట్రాసౌండ్ కూడా. ఉద్దానంలో కనిపించే జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోకపోవచ్చు. అందుకని మూత్రపరీక్ష బాగుందని క్రియాటినిన్ మానేయకండి. బీపీ ప్రతి నెలా ఊళ్లోనే చూపించుకోవచ్చు.

ఒళ్లు నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకోవడం, మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనుక్కుని మింగడం పూర్తిగా ఆపించండి. తోటల్లో పనిచేసేవాళ్లకు ఈ అలవాటు ఎక్కువ, దెబ్బతిన్న కిడ్నీకి అది విషం. నొప్పి తట్టుకోలేకపోతే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు. ఏముందో తెలియని చెట్టు మందులు, భస్మాలు వద్దు. ఎండాకాలంలో పనికి తెల్లవారుజామునే వెళ్లి ఎండ ముదిరేలోపు ఇంటికి వచ్చేలా చూసుకోమనండి, నీళ్ల సీసా వెంట ఉండాలి, దాహం వేసేదాకా ఆగకూడదు. ఎండు చేపలు, ఊరగాయలు తగ్గించండి.

మూత్రం బాగా తగ్గిపోయినా, కాళ్లు ముఖం వాచినా, ఆగకుండా వాంతులైనా, ఆయాసం వచ్చినా స్టడీ తేదీ కోసం ఎదురుచూడకండి. అదే రోజు దగ్గరున్న ఆసుపత్రిలో అత్యవసర విభాగానికి తీసుకెళ్లి, పాత రిపోర్టులన్నీ చూపించండి.