ఫీజుల యాప్‌కి ఏ లైసెన్సు తీసుకోవాలి?

ప్రశ్న: నేనూ నా ఫ్రెండూ కలిసి ట్యూషన్ సెంటర్లు, చిన్న స్కూళ్ల కోసం ఫీజులు వసూలు చేసే యాప్ చేశామండి. పేరెంట్స్ యూపీఐలో కట్టిన డబ్బు మా కంపెనీ కరెంట్ అకౌంట్‌లో పడుతుంది, మా కమీషన్ పట్టుకుని మర్నాడు స్కూల్‌కి వేస్తున్నాం. తర్వాత వాలెట్ కూడా పెడదామని ఉంది. ఒకాయన ఎన్‌బీఎఫ్‌సీ తీసుకోమన్నారు, ఇంకొకాయన పేమెంట్ గేట్‌వే లైసెన్స్ అంటున్నారు. మా చేతిలో ఉన్నది 40 లక్షలు. ఏది తీసుకోవాలి?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు ఆ ఇద్దరి మాటా పక్కన పెట్టండి. ఎన్‌బీఎఫ్‌సీ అప్పులిచ్చే వ్యాపారానికి, మీరు ఎవరికీ అప్పు ఇవ్వట్లేదు కదా. పేమెంట్ గేట్‌వేకి అసలు ఆర్బీఐ పర్మిషనే అక్కర్లేదు, అది టెక్నాలజీ ఇచ్చి ఊరుకుంటుంది, డబ్బు ముట్టుకోదు. లేని లైసెన్సు ఇప్పిస్తానని ఫీజు అడిగే కన్సల్టెంట్లు కూడా ఉన్నారు, జాగ్రత్త.

ఆర్బీఐ చూసేదల్లా కస్టమర్ డబ్బు ఎవరి చేతిలో ఆగింది అన్నదే. ఒక్క రాత్రి ఆగినా సరే, పేరెంట్ దగ్గర తీసుకుని స్కూల్‌కి ఇచ్చే పనిని పేమెంట్ అగ్రిగేటర్ అంటారు, మీరిప్పుడు చేస్తున్నది అదే. దానికి 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం కింద ఆథరైజేషన్ కావాలి, 2025 సెప్టెంబర్‌లో వచ్చిన ఆర్బీఐ మాస్టర్ డైరెక్షన్ ప్రకారం అప్లై చేసే రోజుకే 15 కోట్ల నెట్‌వర్త్ (అప్పులు పోగా కంపెనీకి మిగిలే సొంత ఆస్తి) ఉండాలి, తర్వాత అది 25 కోట్లకి చేరాలి, డబ్బు బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో (ఇతరుల డబ్బును విడిగా ఉంచి, ఇవ్వాల్సినవాళ్లకే పంపే ఖాతా) ఉండాలి, మామూలు కరెంట్ అకౌంట్‌లో పెట్టుకుంటే కుదరదు. 40 లక్షలతో అటువైపు చూడకండి.

మరి దారేంటంటే, ఇప్పటికే ఆథరైజేషన్ ఉన్న అగ్రిగేటర్‌తో కలవడమే. ప్రతి స్కూల్‌నీ వాళ్ల దగ్గర మర్చంట్‌గా, అంటే డబ్బు అందుకునే వ్యాపారిగా చేర్పించండి, కేవైసీ వాళ్లు చూసుకుంటారు, ఫీజు వాళ్ల ఎస్క్రోలో పడి అక్కణ్ణించి నేరుగా స్కూల్ ఖాతాకి వెళ్తుంది, మీరు రసీదులూ రిమైండర్లూ బకాయిల లిస్టూ చూసుకుంటారు. కమీషన్ పట్టుకోవడం మానేసి నెలనెలా స్కూల్‌కి సాఫ్ట్‌వేర్ బిల్లు వేయండి. నన్నడిగితే మీ అసలు సరుకు కూడా ఆ బకాయిల లిస్టే, ఎందుకంటే యూపీఐ మీద 2020 జనవరి నుంచి ఎండీఆర్ (పేమెంట్ మీద వ్యాపారి దగ్గర తీసుకునే చార్జీ) సున్నా, పేమెంట్ తిప్పినందుకు మిగిలేది పెద్దగా ఏం లేదు. అదే కారణంతో సొంత యూపీఐ యాప్ ఆలోచన కూడా వద్దంటాను, దానికి బ్యాంకు తోడూ యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆమోదమూ కావాలి.

వాలెట్ సంగతి. ఒక సంస్థ తన దగ్గర కొనుక్కోవడానికే ఇచ్చేది, నగదుగా తీసుకోలేనిది అయితే ఆర్బీఐ పర్మిషన్ అడగదు. మీ వాలెట్ పది స్కూళ్లలో చెల్లాలంటే మాత్రం అది పీపీఐ (ముందే డబ్బు వేసుకుని వాడే ప్రీపెయిడ్ సాధనం) కింద లెక్క, 2021 డైరెక్షన్స్ ప్రకారం మొదట 5 కోట్లు, తర్వాత 15 కోట్ల నెట్‌వర్త్ అడుగుతారు. ప్రస్తుతానికి వదిలేయండి.

అగ్రిగేటర్‌ని ఎంచుకునే ముందు వాళ్ల పేరు ఆర్బీఐ వెబ్‌సైట్‌లోని లిస్టులో ఉందో లేదో చూసుకోండి, వచ్చింది తుది ఆథరైజేషనా లేక ఇన్-ప్రిన్సిపుల్ (తుది అనుమతికి ముందు ఇచ్చే సూత్రప్రాయ అంగీకారం) మాత్రమేనా అని కూడా అడగండి. ఈలోగా మీ కరెంట్ అకౌంట్‌లోకి ఫీజులు తీసుకోవడం ఈ వారమే ఆపేయండి, ఇంకా ఇవ్వాల్సింది ఏమైనా ఉంటే స్కూళ్లకి వేసేసి ఆ లెక్క రాసి పెట్టుకోండి.