గుండ్రని అక్షరాలను వాల్చేటప్పుడు

చి. సాహితికి బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన రౌండెడ్ ఫాంట్ (గీతల చివరలు గుండ్రంగా ఉండే ఇంగ్లీషు అక్షరాలు) చూశాను. నిలువు అక్షరాలు చాలా బాగా కుదిరాయి. ఇక ఇటాలిక్, అంటే కుడికి వాలిన అక్షరాలు, మొదలుపెడతానన్నావు కాబట్టి వెంటనే రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్‌లో 10 డిగ్రీలు వాల్చేసి పనైపోయిందనుకోకు. మామూలు సాన్స్ సెరిఫ్‌లో, అంటే గీతల చివర కొసలు లేని ఫాంట్‌లో, అది కొంతవరకు చెల్లుతుంది. చివరలు గుండ్రంగా ఉన్న ఫాంట్‌లో ఇట్టే పట్టుబడిపోతుంది.

ఇంగ్లీషు 'ఓ'నే తీసుకో. వాల్చగానే పైన కుడివైపు, కింద ఎడమవైపు గీత లావెక్కుతుంది, మిగతా రెండు మూలల్లో పలచబడుతుంది. 'వి'కి ఎడమ కాలు లావుగా, కుడి కాలు సన్నగా తయారవుతాయి. అన్నిటికన్నా ముఖ్యం గీతల చివరలు. అర్ధచంద్రంలా ఉన్న చివర ఒకవైపు నొక్కేసినట్టు అవుతుంది. 'టి' అడ్డగీతలో ఇది బాగా తెలుస్తుంది. కాబట్టి వాల్చాక ప్రతి చివరనూ మళ్లీ గీసుకోవాలి, లావులు సరిచేసుకోవాలి. విసుగొచ్చే పనే, అయినా ఫాంట్ అందమంతా అక్కడే ఉంది. 'సి' నోరు కాస్త ఎక్కువే తెరిచి ఉంచు, లేకపోతే చిన్న సైజులో 'ఓ' అనుకుంటారు. వాలు 8, 9 డిగ్రీలు చాలని నా అభిప్రాయం.

నునిటో అనే గుండ్రని ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది, దానికి ఇటాలిక్ కూడా ఉంది. నిలువూ వాలూ పక్కపక్కన పెట్టి పెద్దగా చేసి చూడు. అలాంటిదే ఇంకో ఫాంట్ క్విక్‌శాండ్‌కి ఇటాలిక్ లేదు. వెబ్‌పేజీలో ఇటాలిక్ అడిగితే బ్రౌజరే దాన్ని వాల్చి చూపిస్తుంది. ఆ తేడా కూడా గమనించు.

గుండ్రని అక్షరాలు పిల్లల సామాన్లకే పనికొస్తాయని ఎవరైనా అంటే నమ్మకు. 1979లో ఫోక్స్‌వ్యాగన్ తన డీలర్ల కోసం వీఏజీ రౌండెడ్ అనే గుండ్రని ఫాంట్ చేయించుకుంది. తర్వాత ఆపిల్ కీబోర్డుల మీద చాలా ఏళ్లు అదే కనిపించింది. తినుబండారాల ప్యాకెట్లు, యాప్ బటన్లు, షాపు బోర్డులు గుండ్రని అక్షరాలకు సరైన చోట్లు. ఇటాలిక్ మాత్రం ఒకటి రెండు మాటలకో, చిన్న ట్యాగ్‌లైన్‌కో వాడమని చెప్పు. పేరాలకు పేరాలు పెడితే కళ్లు లాగుతాయి. మందు మోతాదులు, షరతుల వంటి చిన్న అక్షరాల దగ్గర అసలు వద్దు, ఆ సైజులో గుండ్రదనం కనిపించదు, అక్షరాలు అలుక్కుపోయినట్టుంటాయి.

మన దగ్గర బోర్డు మీద పక్కనే తెలుగు కూడా ఉంటుంది కదా, దాన్ని వాల్చనివ్వకు. మెషీన్‌తో వాలిస్తే అక్షరాలు కూర్చునే గీతకు పైనున్నవి కుడికి, కిందున్నవి ఎడమకు జరుగుతాయి. 'స్త్రీ' అని టైప్ చేసి చూడు, గుడిదీర్ఘం ఒకవైపు, వత్తులు ఇంకోవైపు పోతాయి. తెలుగు మాట ఎత్తి చూపించాలంటే బోల్డ్ చెయ్యి, లేదా రంగు మార్చు. ఇంగ్లీషు వాలి, తెలుగు నిటారుగా ఉన్నా ఏమీ ఎబ్బెట్టుగా ఉండదు.

ఇంగ్లీషు చిన్న (లోయర్‌కేస్) అక్షరాలు కొన్ని పూర్తవగానే 9, 14, 40 పాయింట్ల సైజుల్లో ప్రింట్ తీసి పోస్టులో పంపు. కాగితం మీద చూశాకే చెబుతాను.

ఇట్లు,
బాబాయి