నా జబ్బు పేరు నా నోటితో పలికించిన రచయిత్రి, ఆడ్రీ లార్డ్

ఒక రచయిత వల్ల మీ జీవితంలో నిజంగా ఏదైనా మారిందా, ఆ మార్పు ఏళ్లు గడిచినా నిలిచిందా అని మీరు అడిగారు. నా విషయంలో ఆ రచయిత్రి ఆడ్రీ లార్డ్. నేను సాహిత్యం చదువుకున్నదాన్ని కాను. హనుమకొండలో ఒక జూనియర్ కళాశాలలో కామర్స్ పాఠాలు చెబుతాను. ఆమె పేరు మొదటిసారి విన్నది 2014లో, నా ఎడమ రొమ్ము తీసేసిన నాలుగు నెలలకు. హైదరాబాద్‌లో ఇంగ్లీషు ఎం.ఏ. చదువుతున్న మా చెల్లెలి కూతురు, లార్డ్ రాసిన ‘ది క్యాన్సర్ జర్నల్స్’ అనే పుస్తకాన్ని జిరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగు చేయించి తెచ్చి, “పెద్దమ్మా, ఓపిక ఉన్నప్పుడు రోజుకు రెండు పేజీలు చదువు, చాలు” అని నా మంచం మీద పెట్టి వెళ్లింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఆ చిన్న పుస్తకాన్ని నేను నెలన్నర పాటు చదివాను.

లార్డ్ గురించి కొంత చెప్పాలి. కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చిన నల్లజాతి దంపతులకు ఆమె 1934లో న్యూయార్క్ నగరంలో మూడో కూతురుగా పుట్టారు. చిన్నప్పుడు చూపు బాగా తక్కువ, మాటలు కూడా ఆలస్యంగా వచ్చాయి. న్యూయార్క్‌లో నల్లజాతివారు ఎక్కువగా ఉండే హార్లెమ్ పేట గ్రంథాలయంలో ఆగస్టా బేకర్ అనే లైబ్రేరియన్ ఒకరోజు కథలు చదివి వినిపించారట. ఆ తరువాతే తానూ చదవాలన్న కోరిక పుట్టిందని లార్డ్ రాసుకున్నారు. పెద్దయ్యాక ఆమే లైబ్రేరియన్‌గా పనిచేశారు, కవిత్వం రాశారు, కళాశాలల్లో పాఠాలు చెప్పారు. సభల్లో తనను తాను నల్లజాతి స్త్రీ, లెస్బియన్, తల్లి, యోధురాలు, కవి అని వరుసగా చెప్పుకునేవారు. వినేవారికి ఏది ఇబ్బందిగా ఉంటుందో ఆ మాటను దాచి మిగిలినవి చెప్పడం ఆమెకు సమ్మతం కాదు. 1978లో రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగింది, 1980లో ఆ పుస్తకం వచ్చింది, 1992 నవంబరులో ఆమె కన్నుమూశారు.

నా ఆపరేషన్ సంగతి బంధువులకు తెలియనివ్వకూడదని మా ఇంట్లో పెద్దలు నిర్ణయించారు. అడిగినవారందరికీ గర్భసంచి ఆపరేషన్ అని చెప్పారు. గర్భసంచి తీయించుకోవడం మా వైపు ఎవరికీ వింత కాదు కాబట్టి ఆ అబద్ధం సులభంగా చెల్లిపోయింది. ఇంట్లో కూడా క్యాన్సర్ అన్న మాట ఎవరూ అనేవారు కాదు. “ఆ జబ్బు” అనేవారు, లేదా చేతితో గాలిలో ఒక సైగ చేసి ఊరుకునేవారు. మా అత్తయ్య మెత్తని పాత చీర ముక్కల మధ్య దూది పెట్టి, రాత్రుళ్లు కూర్చుని తన చేత్తో, తీసేసిన రొమ్ము చోట పెట్టుకోవడానికి నాకు ప్యాడ్ కుట్టి ఇచ్చారు. ఆమె ప్రేమను నేను తక్కువ చేసి చెప్పడం లేదు. కాని ఆ ప్యాడ్ నా చేతికి వచ్చే నాటికి నేను అద్దం ముందు నిలబడి ఆ మచ్చను ఒక్కసారైనా పూర్తిగా చూసుకోలేదు. ఆసుపత్రిలో సిస్టర్ కూడా అదే మాట చెప్పింది: “ఎడమవైపే కదమ్మా, పైట కప్పేస్తుంది. ప్యాడ్ పెట్టుకుంటే ఎవరికీ తెలియదు, అదృష్టవంతులు.”

ఈ మాట చెవిలో ఉండగానే పుస్తకంలో ఒక ఘట్టానికి వచ్చాను. రొమ్ము తీసేసిన పది రోజులకు కుట్లు విప్పించుకోవడానికి లార్డ్ డాక్టరు దగ్గరకు వెళ్తారు. ఇంటికి వచ్చాక గడప దాటి బయటకు వెళ్లడం అదే మొదలు. స్నేహితురాలు తలస్నానం చేయించింది. మంచి బట్టలు, కొత్త బూట్లు వేసుకుని, రెండు వైపులూ సమానం కాదన్న సంగతిని తానే పండుగ చేసుకున్నట్టు కుడి చెవికి మాత్రం ఒక పక్షి లోలాకు పెట్టుకున్నారు. అక్కడ నర్సు, అంతకు ముందు ఎప్పుడూ ఆదరంగా మాట్లాడిన మనిషే, ఆమె ఛాతీ వంక చూసి, ప్యాడ్ పెట్టుకోలేదేమని అడుగుతుంది. కనీసం ఇక్కడికి వచ్చేటప్పుడైనా పెట్టుకోవాలని, లేకపోతే ఆసుపత్రికి వచ్చే మిగతావారి ధైర్యం సడలుతుందని చెబుతుంది. నేను పుస్తకం మూసి ఇంట్లోని అద్దం దగ్గరకు వెళ్లాను. ఎక్కడో న్యూయార్క్‌లో, నాకు నాలుగేళ్ల వయసప్పుడు, ఒక నల్లజాతి స్త్రీకి చెప్పిన మాటనే నాకు హైదరాబాద్‌లో తెలుగులో చెప్పారు. ఇద్దరు నర్సులూ మంచి ఉద్దేశంతోనే చెప్పారన్నది నన్ను మరీ బాధించింది.

ప్యాడ్ పెట్టుకునే ఆడవాళ్లను లార్డ్ నిందించలేదు. ఎవరి కోరిక ఏమిటో, ఎవరు ఏది ఎంచుకుంటారో నిర్ణయించుకునే హక్కు వారిదేనని, కాని చాలాసార్లు అది ఎంపికగా కాక వేరే దారి చూపించనందువల్ల జరుగుతోందని ఆమె అంటారు. దాచుకోవడం వల్ల ఈ జబ్బు వచ్చిన ఆడవాళ్లు ఒకరినొకరు గుర్తుపట్టలేకపోతున్నారన్నది ఆమె అసలు బాధ. ఒక్క రొమ్ముతో ఉన్న స్త్రీలందరూ సైన్యంలా కదిలి అమెరికా పార్లమెంటు మీదకు వెళ్లి, పశువుల మేతలో క్యాన్సర్ కారకమైన హార్మోన్లను నిషేధించాలని నిలదీస్తే ఏమవుతుందని ఆమె అడుగుతారు. కీమో కోసం నేను కూర్చున్న హాలు నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. మూడు వరుసల కుర్చీల నిండా ఆడవాళ్లం, అందరం పైట బిగించి కప్పుకుని, గోడ మీది టీవీ వంక చూస్తూ ఉండేవాళ్లం. ఆరు సార్లు వెళ్లాను, పక్కన కూర్చున్న మనిషితో ఒక్కసారీ మాట్లాడలేదు.

కళాశాలలో తిరిగి చేరిన మొదటి వారం ప్యాడ్ పెట్టుకునే వెళ్లాను. బోర్డు మీద ఆస్తి అప్పుల పట్టీ గీస్తూ పై గడుల దాకా చెయ్యి ఎత్తి రాస్తున్నప్పుడు అది జారి మధ్యలోకి వచ్చేసింది. నలభై మంది పిల్లల ముందు వెనక్కి తిరగలేక, సరిపోయిన లెక్కనే మళ్లీ మళ్లీ కూడుతూ గంట కొట్టేదాకా బోర్డు వైపే నిలబడ్డాను. మరుసటి సోమవారం నుంచి ప్యాడ్ మానేశాను. స్టాఫ్ రూములో ఒకరు నెమ్మదిగా ఆపరేషన్ గురించి అడిగినప్పుడు, “గర్భసంచి కాదండీ, రొమ్ము క్యాన్సర్” అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి ముందు గొంతు తడారిపోయిన సంగతి నాకు ఇప్పటికీ గుర్తుంది. గది కాసేపు నిశ్శబ్దమైంది. ఆ సాయంత్రం బస్టాపు దాకా నా వెంట వచ్చిన ఒక సహోద్యోగిని, రెండు నెలలుగా తనకు చంకలో ఒక గడ్డ తగులుతోందని, ఇంట్లో చెప్పలేదని అంది. మరునాడు ఇద్దరం కలిసి పరీక్షకు వెళ్లాం. ఆమెది క్యాన్సర్ కాదు. అయినా ఆ రెండు నెలలు ఆమె ఒంటరిగా మోసిన భయం నిజమే కదా.

ఈ తెగువ ఎక్కడ నుంచి వచ్చిందో చెప్పాలంటే 1977 డిసెంబరులో చికాగోలో లార్డ్ చేసిన ప్రసంగం గురించి చెప్పాలి. అప్పటికి ఆమెకు క్యాన్సర్ తేలలేదు; గడ్డ ఉందని, అది ప్రమాదకరమైనది కావచ్చని చెప్పాక శస్త్రచికిత్స జరిగేదాకా మూడు వారాలు నరకం పడి, చివరికి ప్రమాదం లేదని తెలుసుకున్నారు. ఆ మూడు వారాల్లో తాను దేని గురించి ఎక్కువగా పశ్చాత్తాపపడిందీ ఆలోచిస్తే, తన మౌనాల గురించేనని తెలిసిందట. “నీ మౌనం నిన్ను కాపాడదు” అన్న మాట ఆ ప్రసంగంలోదే. ఇప్పుడు ఆ వాక్యం గోడల మీదా చొక్కాల మీదా కనిపిస్తుంది గాని, నాకు అంతకంటే ఆమె కూతురు అన్న మాట ఎక్కువ పట్టుకుంది. చెప్పకుండా అణచిన మాట లోపల వేడెక్కి వేడెక్కి, చివరికి ఒకరోజు లోపలి నుంచే నీ మూతి మీద గుద్దుతుందని ఆ పిల్ల తల్లితో అందట. మా ఇంట్లో గర్భసంచి అన్న అబద్ధం సరిగ్గా అలాగే నన్ను కొడుతూ ఉండేది.

ఇంతవరకే చెప్పి ఆపితే నేను లార్డ్‌కు అన్యాయం చేసినట్టే. జబ్బుపడిన మనిషిగా నాకు కావలసినది మాత్రం తీసుకుని, నల్లజాతి స్త్రీగా ఆమె చెప్పినదాన్ని పక్కన పెట్టడం సులభం, మొదట్లో నేను చేసింది అదే. తరువాత 1984లో వచ్చిన ఆమె వ్యాస సంపుటి ‘సిస్టర్ అవుట్‌సైడర్’ చదివాను. అందులో 1979లో న్యూయార్క్‌లో జరిగిన స్త్రీవాద సదస్సులో ఆమె చేసిన ప్రసంగం ఉంది. మీరు ఈ సదస్సుల్లో కూర్చుని స్త్రీవాద సిద్ధాంతం చర్చిస్తున్నప్పుడు మీ ఇళ్లు తుడుస్తూ మీ పిల్లలను చూసుకుంటున్నది ఎక్కువగా పేదవాళ్లూ, తెల్లవాళ్లు కాని ఆడవాళ్లే కదా, వారి సంగతి మీ సిద్ధాంతంలో ఎక్కడుందని ఆమె తెల్లజాతి మేధావి స్త్రీలను నిలదీశారు. నేను అది చదువుతున్న మధ్యాహ్నం మా పెరట్లో నుంచి, మా ఇంట్లో పనిచేసే ఆమె గిన్నెలు తోముతున్న చప్పుడు వినబడుతూ ఉంది. కీమో రోజుల్లో నా వాంతులు ఎత్తిపోసింది, నన్ను పట్టుకుని స్నానాల గదికి తీసుకువెళ్లింది ఆ చేతులే. ఆమె టీ తాగే స్టీలు గ్లాసు మాత్రం పదకొండేళ్లుగా పెరటి కిటికీ గట్టు మీద, బోర్లించి, విడిగా ఉండేది.

అప్పటిదాకా ఆ పుస్తకంలో నేను లార్డ్ పక్కన నిలబడి చదువుతున్నాననుకున్నాను. ఆ పేజీ దగ్గర నా చోటు ఎదుటి కుర్చీల్లో ఉందని తెలిసింది. మాది అగ్రకులం, ఆమె మాదిగ స్త్రీ. మరునాడు ఆ గ్లాసు తెచ్చి వంటింట్లో మిగతా వాటితో కలిపి పెట్టాను. ఆమె చూసి ఏమీ అనలేదు. వారం తరువాత టీ తాగుతూ, “ఇన్నాళ్లు ఆడ ఎందుకు పెట్టిండ్రమ్మా?” అని చాలా మామూలుగా అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. నేను కంటతడి పెట్టుకుంటే, నన్ను ఓదార్చవలసిన పని మళ్లీ ఆమె మీదే పడింది.

1981లో లార్డ్ కోపం గురించి చేసిన ప్రసంగాన్ని నేను ఆ తరువాతే సరిగ్గా అర్థం చేసుకున్నాను. నీకేమనిపిస్తుందో చెప్పు, కాని అంత కటువుగా చెప్తే నేను వినలేనని తనతో అన్న ఒక తెల్ల స్త్రీ గురించి అందులో చెబుతారు. ఆమెను విననివ్వనిది నా మాట తీరా, లేక వింటే తన జీవితం మారిపోతుందేమోనన్న భయమా అని ప్రశ్నిస్తారు. అపరాధ భావన ఎదుటివారి కోపానికి జవాబు కాదని, అది మనం చేసిన, చేయని పనులకు సంబంధించినదని, మార్పుకు దారితీయనంత కాలం దానివల్ల ఉపయోగం లేదని కూడా అంటారు. కాబట్టి ఏడవడం ఆపి, మా ఇంట్లో పనిచేసే ఆమెకు చేయగలిగినది చేశాను: నెలకు నాలుగు రోజుల సెలవు, జబ్బు చేసినా కోత లేని జీతం, దసరాకు ఒక నెల అదనం. ఇది గొప్ప పని కాదు, చేయవలసినది పదకొండేళ్లు ఆలస్యంగా చేశాను. గోగు శ్యామల గారు సంపాదకత్వం వహించిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం ‘నల్లపొద్దు’ను వెతికి చదివింది కూడా ఆ రోజుల్లోనే. నా భాషలో, నా పక్క ఊళ్ల నుంచి వినవలసిన గొంతుల దగ్గరకు నేను హార్లెమ్ మీదుగా రావలసి వచ్చిందన్నది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ప్రభావం నిలిచిందా అని కదా అడిగారు. క్యాన్సర్ తిరగబెట్టకుండా వేసుకున్న టమాక్సిఫెన్ మాత్రలు అయిదేళ్లకు ఆగిపోయాయి, ఏడాదికోసారి పరీక్షలకు వెళ్లి వస్తున్నాను. ఎవరైనా నొచ్చుకునేలా ఏదైనా నాతో అంటే, ముందు నాకు రోషం వస్తుంది. తరువాత, నన్ను బాధపెట్టింది మాట తీరా, మాటలోని నిజమా అని ఒక్క క్షణం ఆగి చూసుకుంటాను. అన్నిసార్లూ సరిగ్గా చేస్తున్నానని చెప్పను.

మీరు చదవదలచుకుంటే ‘ది క్యాన్సర్ జర్నల్స్’తోనే మొదలుపెట్టండి, ఇంగ్లీషు కష్టమేమీ కాదు. ‘సిస్టర్ అవుట్‌సైడర్’ను వరుసగా కాకుండా ఒక్కో వ్యాసం మధ్య వారం విరామం ఇచ్చి చదవండి. కవితలు నాకు చివరగా అందాయి, పైకి చదివితేనే అందాయి. నా జిరాక్స్ ప్రతి ఇప్పుడు నా దగ్గర లేదు. బస్టాపు దాకా నా వెంట వచ్చిన ఆ సహోద్యోగిని తన ఆడపడుచుకు ఆపరేషన్ అయిందని చెప్పి మొన్న వేసవిలో తీసుకువెళ్లింది.